డాబా మీద బోర్లించిన గిన్నె

"పులుసులో మామిడికాయ వేశావా?"

"వేశాను. నోరు మూసుకుని తిను."

నాకూ మా ఆయన ఏడుకొండలుకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, వాకిట్లో నులకమంచం మీద వాలాడు, మళ్ళీ లేవలేదు. పాతికేళ్ళ కాపురంలో నా మాట పూర్తిగా విన్నది ఆ ఒక్కసారే.

"అత్తా, ఇది కూడా రాయాలా?" అంటోంది శ్రీదేవి. రాయాలి. నేను పద్దెనిమిదేళ్ళు పనిచేసిన గదిలో ఏ హెలికాప్టరుతో ఆఖరిసారి ఏం మాట్లాడారు, ఎన్ని గంటలకు మాట్లాడారు అన్నది పుస్తకంలో రాసి పెట్టేవాళ్ళు. ఏదైనా తేడా వస్తే అందరూ ముందు అడిగేది అదే. మా ఇంట్లో అలాంటి పుస్తకం లేదు. అందుకని ముందు నాది నేను ఒప్పుకున్నాను. ఇక ఉద్యోగం సంగతి చెప్తాను.

నా పేరు నాంచారమ్మ. మాది బందరు పక్కన గిలకలదిండి. సంతకం పెట్టగలను. బస్సు మీద బందరు, గుడివాడ, అవనిగడ్డ అని ఉంటే పోల్చుకోగలను. అంతకు మించి చదువు నా జోలికి రాలేదు, నేనూ దాని జోలికి పోలేదు. నేను చెప్తుంటే రాస్తున్నది మా తమ్ముడి కూతురు శ్రీదేవి, గుడివాడ స్కూల్లో తెలుగు చెబుతుంది. నా బూతులు రాయనని ముందే షరతు పెట్టింది. రెండైనా ఉంచమన్నాను. ఒకటి ఉంచుతానంది. ఎక్కడ ఉంచుతుందో చూడాలి.

ఇదంతా ఎందుకంటే, నా చోట ఇప్పుడు నాగాయలంక నుంచి మంగ అనే అమ్మాయి చేరింది. చేరిన రోజే ఫోన్ చేసి, "పిన్నీ, ఇక్కడ నేను చెయ్యాల్సిందేంటి?" అని అడిగింది. ఊడవడం, టీ కాయడం అని చెప్పెయ్యొచ్చు. కాయితం మీద ఉన్నదీ అదే. కానీ అది ఉద్యోగం కాదు. ఉద్యోగం ఏమిటో ఫోన్‌లో చెబితే అయ్యేది కాదు.

హోరు

మా బేసు సముద్రానికి దగ్గరగా, ఉప్పు మడుల పక్కన ఉండేది. రెండు హెలికాప్టర్లు, ఒక షెడ్డు, ఒక డాబా గది, పంతొమ్మిది మందిమి. నడిసముద్రంలో గ్యాసు తవ్వే రిగ్గుకి మనుషుల్ని తీసుకెళ్ళడం, తీసుకురావడం పని. ఆ డాబా గదిలో రేడియో. రేడియో ముందు సుబ్బారావు గారు.

మంగా, ముందు ఇది అర్థం చేసుకో. హెలికాప్టర్లో రెండు రేడియోలు ఉంటాయి. ఒకటి దగ్గరి రేడియో. మాట పక్కింట్లోంచి పిలిచినట్టు వినబడుతుంది, కానీ సముద్రం మీద కొంత దూరం పోయి కిందుగా ఎగిరితే మూగబోతుంది. రెండోది దూరపు రేడియో. అది ఎంత దూరం నుంచైనా పలుకుతుంది, కానీ ఒకటే హోరు. పకోడీలు వేగుతున్న మూకుట్లోంచి ఎవరో పిలిచినట్టు ఉంటుంది. సముద్రం మీద దూరం పోయే హెలికాప్టరుకి ఆ రెండోది ఉండి తీరాలని రూలు.

నేను చేరిన మొదటి వారం. సుబ్బారావు గారు బయటికి వెళ్ళారు. గది ఊడుస్తున్నాను. ఆ హోరుకి నాకు తలనొప్పి. ఒక బొత్తం తిప్పితే తగ్గింది. ఇంకొంచెం తిప్పాను, హాయిగా ఉంది. మూలలన్నీ శుభ్రంగా ఊడ్చాను. ఆయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమ్మా, దీని పీక నొక్కావా?"

"లేదండీ. కాస్త నోరు తగ్గించానండీ."

ఆయన పరుగెత్తుకెళ్ళి బొత్తం తిప్పారు. కెప్టెన్ గారి గొంతు గదంతా నిండిపోయింది. అప్పటికి నాలుగుసార్లు పిలిచారట. ఐదోసారి పిలిచిన పిలుపు శ్రీదేవి రాయనన్న రకం.

నన్ను తీసేస్తారనుకున్నాను. సుబ్బారావు గారు కుర్చీ లాగి, "కూర్చో. గంటసేపు ఇది విను. హోరు వినబడుతోందంటే మన చెవి తెరిచి ఉందని అర్థం. నిశ్శబ్దంగా ఉంటే భయపడాలి," అన్నారు. కూర్చున్నాను. పావుగంట గడిచేసరికి నాకు తెలిసిపోయింది, ఇది నాకు తెలియని చప్పుడు కాదని. అలలు విరుగుతుంటే పడవ మీంచి మా ఆయన అరిచే మాట ఒడ్డున పట్టుకున్న చెవి నాది. హోరుని వదిలేసి వెనకున్న మనిషిని వినాలి, అంతే.

"ఎవరో పిలుస్తున్నారండీ," అన్నాను.

"ఎవరూ లేరు."

"ఉన్నారండీ. మగ గొంతు. జలుబు చేసినట్టుంది."

ఆయన చెవికి డిప్పలు పెట్టుకుని విని, నా వంక చూసి, మళ్ళీ విన్నారు. రెండో హెలికాప్టరు కెప్టెన్‌కి ఆ రోజు నిజంగానే జలుబు. అప్పట్నుంచి నా చీపురుకి ఆ గదిలో పని ఎక్కువైంది.

చెరువు పక్కన

ఒక శీతాకాలం పొద్దున ఒక హెలికాప్టరు గుడివాడ వైపు నుంచి వస్తూ పొగమంచులో చిక్కి, ముదినేపల్లి దాపుల్లో ఎక్కడో దిగిపోయింది. కెప్టెన్ గారిది మధురై. తెలుగు మా చేపల రేవులో నేర్చుకున్నారు. దూరపు రేడియోలో పిలిచారు.

"క్షేమంగా దిగినాను. చెరువు పక్కన ఉన్నాను."

"ఏ చెరువండీ?" అన్నారు సుబ్బారావు గారు.

"పెద్ద చెరువు. తెల్ల కొంగలు ఉన్నాయి."

నేను తలుపు దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను. "సార్, చెరువు లేని చోటు ఏదైనా కనబడుతుందేమో అడగండి. అక్కడ అలాంటిది ఒకటో రెండో ఉంటాయి, ఇట్టే దొరికిపోతారు."

కెప్టెన్ గారు తానున్న చోటు అంకెలు చెప్పారు, సుబ్బారావు గారు మ్యాపులో చుక్క పెట్టారు. చుక్క బాగానే ఉంది. ఆ చుక్క దగ్గరికి జీపు పోగల గట్టు ఏదో మ్యాపుకి తెలియదు. జీపు వెళ్ళి రెండు గట్ల మీద తిరిగి, మూడో గట్టు మీద కూరుకుపోయింది. అప్పుడు నేను, "చుట్టూ మూగిన జనాన్ని ఆ చెరువు ఎవరిదో అడగమనండి," అన్నాను. అడిగారు, పేరు చెప్పారు. నాతో చేపలమ్మిన ఆవిడ ఒకరు ముదినేపల్లిలో ఉంది. ఆమెకి ఫోన్ చేస్తే, ఆ చెరువుకి చేపల లారీ ఏ గట్టు మీంచి పోతుందో చెప్పింది. అరగంటలో జీపు చేరింది. చేరేసరికి కెప్టెన్ గారికి అక్కడ టిఫిన్ అయింది, రెండో కాఫీ నడుస్తోంది, హెలికాప్టరు తోకకి ఎవరో నిమ్మకాయలు కట్టారు.

సుబ్బారావు గారు ఆ వారమంతా తన రేడియో సెట్టుని బిడ్డని తడిమినట్టు తడిమారు. "చూశావా నాంచారమ్మా, ఫోన్లు అందని చోట కూడా ఇది పలికింది," అని పదిసార్లు అని ఉంటారు. చెరువు సంగతి ఒక్కసారీ అనలేదు. మంచి మనిషే. కానీ మంచివాళ్ళకి కూడా ఒక వస్తువు మీద ప్రేమ ముదిరితే కళ్ళు పక్కకి తిరగవు. దీని సంగతి ముందు ముందు తెలుస్తుంది.

కాకి

కొన్నేళ్ళకి హెలికాప్టర్లలోని దూరపు రేడియోలు పాడవడం మొదలుపెట్టాయి. వాటి విడిభాగాలు ఎక్కడా లేవు. ఒక హెలికాప్టరు షెడ్డులో కూర్చుంది. తర్వాత రెండోది కూర్చుంది. రూలు ప్రకారం అది లేకుండా రిగ్గుకి పోకూడదు.

దీనికి మార్గం ఒకటి ఉంది. నేరుగా ఆకాశంలో ఉపగ్రహంతో మాట్లాడే ఫోను. హెలికాప్టర్లో ఒకటి, మా గదిలో ఒకటి. దూరపు రేడియో బదులు దీన్ని వాడుకోవచ్చని ఢిల్లీలో విమానాల ఆఫీసు అనుమతి ఇవ్వాలి. అసలు ఆ ఫోను దగ్గర పెట్టుకోవడానికే ఇంకో ఆఫీసు అనుమతి కావాలి. ముందు వాళ్ళ కాయితం తెమ్మని వీళ్ళు, ముందు వీళ్ళ కాయితం తెమ్మని వాళ్ళు. ఆ కాయితాల కథ నాకు రాదు, నీకూ వద్దు. వానాకాలం మొదలయ్యేలోపు అనుమతి రాకపోతే పని మొత్తం కాకినాడ వైపు పోతుందని, మా బేసు మూసేస్తారని పైనుంచి చెప్పేశారు. అది ఒక్కటి గుర్తుపెట్టుకో.

పంతొమ్మిది మందిమి. మిగతావాళ్ళ సంగతి వాళ్ళు చెప్పుకోవాలి. నాకు అప్పటికే మోకాళ్ళు అరిగిపోయాయి. బేసు పోతే మళ్ళీ నెత్తిన చేపల గంప పెట్టుకుని వీధులు తిరగాలి. నాలుగో వీధిలోనే కూలబడతానని నాకు తెలుసు. ఆ అనుమతి కోసం నేను మొక్కని దేవుడు లేడు. అందరూ మొక్కారు, సుబ్బారావు గారు తప్ప. ఆయన ఒకరోజు టీ తాగుతూ, "వస్తే నా సెట్టు పోతుంది, రాకపోతే బేసు పోతుంది. దేనికి దణ్ణం పెట్టను?" అన్నారు. నవ్వుతూ అన్నారని నేనూ నవ్వాను.

ఫోను వచ్చింది. దాని యాంటెన్నా అరచేయంత తెల్లటి బిళ్ళ. డాబా మీద పిట్టగోడకి పైపు బిగించి, పైపు కొసన ఆ బిళ్ళ పెట్టారు. అర్జీతో పాటు దాని ఫోటో కూడా పంపాలన్నారు. మేనేజరు ప్రసాద్ గారే పైకెక్కి ఫోటో తీసి పంపారు. ఇరవై రోజులకి ఢిల్లీ నుంచి ఉత్తరం. యాంటెన్నా మీద కనబడుతున్న నల్లటి భాగం ఏమిటి, దాని వివరాలు అర్జీలో ఎందుకు లేవు అని.

కాకి. సముద్రం ఒడ్డున ఎత్తుగా, తెల్లగా, కూర్చోవడానికి వీలుగా ఏది కనబడినా అది కాకిదే. మళ్ళీ ఫోటో తీశారు. ఈసారి కాకి లేదు, కాకి చేసిన పని ఉంది. పైన ఆ తెల్లమచ్చ ఏమిటని ఇంకో ఉత్తరం. ప్రసాద్ గారు తల పట్టుకున్నారు.

"నాంచారమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆ కాకి సంగతి చూడు."

కాకి సంగతి మా వాళ్ళకి ఒకరు చెప్పాలా? ఇసకలో చేపలు ఎండబెట్టి పెరిగిన దాన్ని. ఎండే చేప మీద గంప బోర్లించి పైన ఇటుక పెడితే కాకి తాత కూడా ఏం చెయ్యలేడు. ఇంట్లో పాత వెదురు గంప ఉంటే తెచ్చి ఆ బిళ్ళ మీద బోర్లించాను. సుబ్బారావు గారు ఫోను చేసి చూశారు, బ్రహ్మాండంగా పలికింది. మూడోసారి ఫోటో తీసేటప్పుడు గంప తీసి, మళ్ళీ పెట్టాం. ఢిల్లీ వాళ్ళు ఇక ఏమీ అడగలేదు. తనిఖీకి మనిషి వస్తున్నాడని కబురు పెట్టారు.

పామర్రు అల్లుడు

ఆ వచ్చే అధికారిది ఉత్తరాది, భార్యది పామర్రు అని తెలియగానే ప్రసాద్ గారికి ప్రాణం లేచొచ్చింది. "పామర్రు అల్లుడంటే మన అల్లుడే," అని మామిడి తాండ్ర తెప్పించారు.

అల్లుడికి తెలుగు బాగానే వచ్చు. కాకపోతే అదంతా అత్తగారి దగ్గర నేర్చుకున్నాడు. ఆవిడ తనతో ఎలా మాట్లాడితే ఆయన అందరితో అలాగే మాట్లాడతాడు. కారు దిగి ప్రసాద్ గారి భుజం మీద చెయ్యేసి, "ఏం అబ్బాయ్, అట్లా చిక్కిపోయావేం? వేళకి తింటున్నావా?" అన్నాడు. యాభై రెండేళ్ళ ప్రసాద్ గారు, "తింటున్నానండీ," అన్నారు. తాండ్ర ముట్టుకోలేదు. పని అయ్యాక చూద్దాం నాయనా అన్నాడు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

ఆ పొద్దున ఎనిమిదింటికి సుబ్బారావు గారు ఫోను పరీక్ష చేశారు, పలికింది. తొమ్మిదింటికి నేను డాబా ఊడ్చి, గంప వంక చూశాను. మాసిపోయింది, ఒక పక్క పురి ఊడింది, ఎంత కడిగినా చేప వాసన పోలేదు. ఢిల్లీ నుంచి పెద్దమనిషి వస్తుంటే అది ఉంచడం నామోషీ అనిపించింది. వంటగదిలో కొత్త సత్తు గిన్నె ఉంది. నిమ్మతొక్క, బూడిద పెట్టి తోమి, గంప తీసేసి, మెరిసిపోయే గిన్నె బోర్లించి పైన ఇటుక పెట్టాను. కింద నుంచి చూస్తే గుడి శిఖరంలా ఉంది. నాకు నేనే మురిసిపోయాను.

పదింటికి తనిఖీ కోసం హెలికాప్టరు లేచింది. మధురై కెప్టెన్ గారు, ఇంకో పైలట్, ఒక ఇంజనీరు. దాంట్లో దూరపు రేడియో ముందే విప్పేశారు. దగ్గరి రేడియో వాడకూడదు. పదిహేను నిమిషాలకి ఒకసారి వాళ్ళు ఈ ఫోనులోనే మమ్మల్ని పిలవాలి, మేం పలకాలి. అరగంట పాటు మాట అందకపోతే వాళ్ళు వెనక్కి తిరగాలి, మేం తీరం కాపలా వాళ్ళకి చెప్పాలి. పరీక్ష పోయినట్టే. అల్లుడు గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

పది పదిహేను. ఫోను పలకలేదు.

పది పద్దెనిమిది. పలకలేదు. మేం ఇటు నుంచి చేస్తే దానికి దారే దొరకలేదు. ప్రసాద్ గారు ఫోను చుట్టూ ప్రదక్షిణం చేశారు. దాని తీగ ఊపారు. తీసి ఊదారు.

"ఫోను ఊదితే ఏమొస్తుంది అబ్బాయ్?" అన్నాడు అల్లుడు.

"ఏమైనా దుమ్ము పట్టిందేమోనని సార్."

సుబ్బారావు గారు మాత్రం చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నారు. నాకు అదే వింతగా అనిపించింది. ఆ గదిలో ఏదైనా పలక్కపోతే ముందు లేచేది ఆయనే. పది ఇరవై నాలుగు అయింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరితోనూ కాకుండా అన్నారు.

"దానికి ఆకాశం కనబడాలి కదా."

గంపకి కన్నాలున్నాయి. గిన్నెకి లేవు.

పంతొమ్మిది మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. వేసవి ఎండకి గిన్నె కాలిపోతోంది. ఇటుక తోసి గిన్నె పట్టుకునేసరికి వేళ్ళు చుర్రుమన్నాయి, వదిలేశాను. అది మెట్ల మీద పడింది. ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్క కేక పెట్టుకుంటూ పంతొమ్మిదీ దిగి, గుమ్మం దాటి లోపలికెళ్ళి, అల్లుడి బూటు దగ్గర గుండ్రంగా తిరిగి తిరిగి పడుకుంది. అది సద్దుమణిగిన కాసేపటికి ఫోను మోగింది.

"ఎందుకు ఎత్తరు?" కెప్టెన్ గారి గొంతు మెట్ల మీదకి వినబడింది. "నాలుగుసార్లు చేసినాను! అందరూ చచ్చినారా?"

అల్లుడు గడియారం చూసి పది ఇరవై ఏడు అని రాసుకున్నాడు. గిన్నె వంక చూశాడు. ఆ తర్వాత పిలుపులన్నీ వేళకి వచ్చాయి.

ఆ గదిలో

హెలికాప్టరు దిగాక అందరినీ కూర్చోబెట్టాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. గిన్నె నా చేతిలోనే ఉంది, ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"మొదటి పిలుపు ఎందుకు రాలేదు?"

ప్రసాద్ గారు గొంతు సవరించుకున్నారు. "ఉపగ్రహం కాస్త పక్కకి జరిగి ఉంటుంది సార్. లేదా మబ్బులు అడ్డమొచ్చి ఉంటాయి."

బయట ఆకాశంలో గోరంత మబ్బు లేదు. అల్లుడు కలం తీశాడు.

మంగా, అప్పుడు నా బుర్రలో ఏం నడిచిందో ఉన్నదున్నట్టు చెప్తాను. నేనని చెబితే నా పని పోతుంది. చెప్పకపోతే, ఈ ఫోను నమ్మదగింది కాదని ఆయన రాస్తాడు, అందరి పనీ పోతుంది, అందులో నాదీ ఉంది. రెండు విధాలా పోయేదే. గొప్ప మనసుతో ముందుకొచ్చానని ఎవరైనా అంటే నమ్మకు. కూడిక తీసివేత చేశాను, అంతే.

"నేనేనండీ," అన్నాను. "గిన్నె నేనే బోర్లించానండీ."

"ఎందుకు?"

"కాకులండీ."

"అంతకు ముందు ఏం బోర్లించేదానివి?"

"గంపండీ."

"మరి గంప ఎందుకు తీశావు?"

"మీరొస్తున్నారనండీ."

ప్రసాద్ గారు కళ్ళు మూసుకున్నారు. అప్పుడు సుబ్బారావు గారు లేచారు. ఆయన గొంతు అంత చిన్నదైపోవడం నేనెప్పుడూ వినలేదు.

"సార్, తొమ్మిదిన్నరకి గాలి ఎటుందో చూడ్డానికి నేను డాబా ఎక్కాను. ఆ గిన్నె చూశాను. అది ఉంటే ఫోను పలకదని నాకు తెలుసు. తియ్యలేదు."

"ఎందుకు తియ్యలేదు నాయనా?"

"ఇది వస్తే నా సెట్టు పోతుందని."

గదిలో పాత సెట్టు హోరు ఒక్కటే వినబడుతోంది. అల్లుడు కలం మూసి, నా చేతిలో గిన్నె అడిగి తీసుకుని, తనే డాబా ఎక్కాడు. గిన్నె పెట్టించి ఫోను చేయించాడు, పలకలేదు. గంప పెట్టించాడు, పలికింది. తడిగుడ్డ కప్పించాడు. తన టోపీ పెట్టి చూశాడు. ప్రసాద్ గారిని కాసేపు పక్కన నిలబడమన్నాడు. మధ్యాహ్నం రెండింటి దాకా మా వంటగదిలో ఉన్న సామానంతా ఆ బిళ్ళ మీద కూర్చుని లేచింది. ఆ తర్వాత కిందికొచ్చి, "మా అత్తగారు పెరుగు మీద ఇట్లాంటిదే బోర్లిస్తుంది," అని మామిడి తాండ్ర అడిగి తిన్నాడు. తింటూ, "పలకలేదంటే ఎందుకు పలకలేదో చెప్పగలిగే చోటికే నేను అనుమతి రాస్తాను," అన్నాడు.

మేనేజర్ల గురించి నా అభిప్రాయం ఇక్కడ చెప్పేస్తాను. ప్రసాద్ గారు చెడ్డవాడు కాదు. పైవాడికి నచ్చే మాట వెతుక్కునే అలవాటు, అంతే. ఆ మబ్బుల మాట నిలబడి ఉంటే మేమంతా ఇంటికే.

సుబ్బారావు గారూ నేనూ వారం రోజులు మాట్లాడుకోలేదు. టీ పెట్టేదాన్ని, తాగేవారు. ఎనిమిదో రోజు ఆయనే అన్నారు.

"నాంచారమ్మా, నువ్వు తెలియక చేశావు. నేను తెలిసి చేశాను."

"తెలుసండీ. పైన ముగ్గురున్నారని మీకు తెలుసు కదండీ?"

"అందుకే నోరు తెరిచాను."

"తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా తెరిచారండీ."

టీ చల్లారిపోతుంది తాగమన్నాను. ఆయన్ని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు పని నేర్పింది ఆయనే. ఆ తొమ్మిది నిమిషాలూ ఆయనవే. రెండూ నిజమే.

కాయితం

వానలకి నాలుగు రోజుల ముందు అనుమతి వచ్చింది. దూరపు రేడియో బదులు ఉపగ్రహం ఫోను వాడుకోవచ్చు. కింద షరతులు. పదిహేను నిమిషాలకి ఒకసారి పలకాలి. పాత సెట్టుని గదిలోనే ఉంచి, సుబ్బారావు గారు రిటైరయ్యేదాకా వింటూ ఉండాలి. రిటైరయ్యేదాకా అన్న మాట కాయితంలో లేదులే, ఏదో తేదీ ఉంది. ఆ తేదీ ఆయన రిటైరయ్యే నెలలోనే పడింది. అల్లుడు అది ఎలా కనుక్కున్నాడో మరి. ఆఖరి షరతు ప్రసాద్ గారు రెండుసార్లు చదివి వినిపించారు. గిన్నె, గంప, గుడ్డ, ఇంకే ఇంటి సామానూ యాంటెన్నా మీద బోర్లించరాదు. ప్రతి రోజూ మొదటి హెలికాప్టరు లేచే ముందు ఒక మనిషి డాబా ఎక్కి, యాంటెన్నాని కళ్ళతో చూసి, పుస్తకంలో సంతకం పెట్టాలి.

ఆ మనిషి ఎవరని ప్రసాద్ గారు ఢిల్లీకి ఫోన్ చేసి అడిగితే, "ఇంకెవరు అబ్బాయ్, ఆవిడే," అన్నాడట.

కాకుల సంగతేమిటని నేను అడిగాను. పైపుకి చుట్టూ పాత వల ముక్క కట్టమన్నారు, కట్టాను. అది మా ఇంట్లోదే.

అలా నేను రిటైరయ్యే వరకూ రోజూ పంతొమ్మిది మెట్లు. మంగా, ఇప్పుడు నీ వంతు. నీ ఉద్యోగం చీపురు కాదు, టీ కాదు. ఆ మెట్లు. ఎక్కి చూడు, చూసి సంతకం పెట్టు. ఎక్కకుండా పెట్టడం ఎంత తేలికో నాకు తెలుసు. ఎలా తెలుసో కూడా చెప్తాను. ఇది ప్రసాద్ గారికీ తెలియదు.

ఒక వానరోజు మోకాళ్ళు అసలు లేవలేదు. కిందే కూర్చుని సంతకం పెట్టేశాను. నిన్న ఉన్నది ఇవాళ ఎక్కడికి పోతుంది అనుకున్నాను. హెలికాప్టరు లేచింది. చప్పుడు సముద్రం మీదికి పోయి సన్నగా అయిపోయింది. అప్పుడు మొదలైంది నాకు వణుకు. గాలికి ఏ రేకు ముక్కో ఎగిరొచ్చి పడిందేమో, వాన పడుతోందని ఎవరైనా తట్ట బోర్లించారేమో. లేచాను. గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీదా కూర్చుంటూ ఎక్కాను. బిళ్ళ మీద ఏమీ లేదు. శుభ్రంగా వానకి తడుస్తోంది. దిగొచ్చుగా? దిగలేదు. వాళ్ళు రిగ్గుకి పోయి, మనుషుల్ని దింపి, తిరిగొచ్చే దాకా ఆ వానలో పిట్టగోడ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మూడు రోజులు జ్వరం. ఎందుకొచ్చిందని అడిగితే చేపల మార్కెట్లో తడిశానని చెప్పాను.

శ్రీదేవీ, కలం ఆపావేం? ఇది కూడా రాయి. ఇది రాయకపోతే మిగతాదంతా ఎందుకు? మా గదిలో ఒక మాట చెబితే, విన్నవాళ్ళు దాన్ని తిరిగి చెప్పేదాకా చెప్పినవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. మంగకి పంపే ముందు నేనూ ఊరుకోను. ఏదీ, మొదటి నుంచి చదువు. గట్టిగా చదువు. నీ సొంత మాట పెట్టిన చోటల్లా దగ్గు, నేను ఏమీ అనుకోను. ఆ సంతకం దగ్గరికొచ్చినప్పుడు మాత్రం దగ్గకుండా చదువు.